యంత్రంతోపాటు వచ్చే పుస్తకాన్ని ఇప్పుడు ఎవరు రాస్తున్నారు?

పేద దేశాల ఆసుపత్రుల్లో వైద్య పరికరాలు ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని మూలన పడి ఉన్నాయి అని లెక్క తేల్చిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. పెర్రీ, మాల్కిన్ అనే ఇద్దరు పరిశోధకులు 16 దేశాల జాబితాలు సేకరించి, 1,12,000కు పైగా పరికరాల స్థితిని పరిశీలించారు. వాటిలో సగటున 38 శాతం పనిచేయడం లేదని తేలింది. ప్రధానంగా మూడు కారణాలు చెప్పారు. వాడేవారికి శిక్షణ లేకపోవడం, పరికరాల నిర్వహణకు తగిన ఏర్పాటు లేకపోవడం, కరెంటు వంటి వసతులు సరిగా లేకపోవడం.

దాతలు ఆలోచించవలసింది ముఖ్యంగా మొదటి కారణం గురించి. ఒక యంత్రం ఇవ్వాలనుకున్నప్పుడు దాని ధర చూస్తాం, రవాణా ఖర్చు చూస్తాం, ఏ ఆసుపత్రికి ఇవ్వాలో చర్చిస్తాం. పెట్టెలో వచ్చిన పుస్తకం ఏ భాషలో ఉందని అడిగేవారు అరుదు. పరికరాల విరాళాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో మాత్రం ఈ సంగతి స్పష్టంగా ఉంది. నడిపే విధానం చెప్పే పుస్తకం, మరమ్మతు పుస్తకం యంత్రంతోపాటు రావాలి, అవి వాడేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. పుస్తకం రాకపోతే విరాళం సగమే చేరినట్టు లెక్క.

ఆ పుస్తకం రాసే పనిని ఇంగ్లీషులో టెక్నికల్ రైటింగ్ అంటారు. మిక్సీ డబ్బాలో వచ్చే చిన్న కాగితం మొదలుకొని విమానం ఇంజిను మరమ్మతు గ్రంథం దాకా అన్నీ ఈ కోవలోవే. మన హైదరాబాదులో ఈ ఉద్యోగం చేసేవారు చాలామందే ఉన్నారు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కూర్చుని అమెరికాలోని వాడుకరుల కోసం ఇంగ్లీషులో రాస్తుంటారు. వాళ్ల ఇంట్లో అమ్మకు వాషింగ్ మెషీన్ మీది బొత్తాలు ఏమిటో తెలుగులో చెప్పే కాగితం ఉండదు, అది వేరే సంగతి. గత పాతికేళ్లలో ఈ వృత్తి పని తీరు బాగా మారింది. ఆ మార్పు ఏమిటో, అందులో మనలాంటి సేవా సంస్థలకు పనికివచ్చేది ఏముందో చెప్పడానికే ఈ వ్యాసం.

పాత పద్ధతి ఇలా ఉండేది. ఇంజనీర్లు యంత్రాన్ని తయారుచేసేవారు. రచయిత వాళ్ల వెంటపడి వివరాలు రాబట్టి చిత్తుప్రతి రాసేవాడు. ఆ ప్రతి ఐదారుగురి దగ్గరకు వెళ్లేది. ఒక్కొక్కరూ తమ కాపీ మీద ఎర్ర సిరాతో, తర్వాతి కాలంలో ఈమెయిలు ద్వారా, దిద్దుబాట్లు పంపేవారు. ఒకరు దిద్దింది మరొకరికి తెలియదు. చివరి ప్రతి, అసలైన చివరి ప్రతి, ఇదే చివరి ప్రతి అని పేర్లు పెట్టిన మూడు ఫైళ్లు ఒకే కంప్యూటర్లో ఉండడం ఆఫీసుల్లో పనిచేసినవారెవరికైనా అనుభవమే. ఆ తర్వాత అచ్చు, ఆ తర్వాత పెట్టె. అచ్చయిన పుస్తకంలో తప్పు దొర్లితే మళ్లీ ముద్రణ జరిగేదాకా అది అలాగే ఉండేది.

మరి ఆ తప్పు మొదట ఎవరికి కనబడుతుంది? పుస్తకం ముందు పెట్టుకుని యంత్రం ముందు కూర్చున్న మనిషికి. అతను చెప్పడానికి దారేమిటి? ఐబీఎం కంపెనీ పాత కంప్యూటర్ పుస్తకాల చివర పాఠకుల అభిప్రాయ పత్రం ఒకటి ఉండేది. తప్పు ఏ పేజీలో ఉందో రాసి, మడిచి, పోస్టులో వేస్తే తపాలా ఖర్చు కంపెనీదే. ఆ రోజులకు అది మంచి ఏర్పాటే. కాని ఆ ఉత్తరం రాసినవారికి దిద్దిన పుస్తకం చేతికి వచ్చేసరికి యంత్రమే పాతబడిపోయేది. రచయిత నుంచి వాడుకరికి వెళ్లే దారి వెడల్పుగా, వాడుకరి నుంచి రచయితకు వచ్చే దారి సన్నగా ఉండడమే ఆ కాలపు పద్ధతి.

ఆ రెండో దారిని వెడల్పు చేసిన మొదటి సాధనం వికీ. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1995 మార్చిలో దీన్ని ప్రారంభించాడు. చదువుతున్న పేజీని చదువుతున్న మనిషే, అక్కడికక్కడే దిద్దగలగడం దీని ప్రత్యేకత. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని అర్థం. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు నుంచి ఆ మాట తీసుకున్నాడు. 2001లో వచ్చిన వికీపీడియాతో ఈ పద్ధతి ప్రపంచమంతటికీ తెలిసింది.

2006లో గూగుల్ సంస్థ రైట్‌లీ అనే సాధనాన్ని తయారుచేసిన చిన్న కంపెనీని కొని, ఆ సాధనాన్నే గూగుల్ డాక్స్‌గా మార్చింది. ఒకే కాగితం మీద పదిమంది ఒకేసారి రాసుకోవచ్చు. ఎవరేం రాస్తున్నారో కళ్లముందే కనబడుతుంది. పక్కన అంచులో ప్రశ్న రాయవచ్చు, దానికి జవాబు అక్కడే ఇవ్వవచ్చు. చాలామంది దీన్ని టైపు చేసే సౌకర్యంగానే చూశారు. నా ఉద్దేశంలో అసలు మార్పు వేరే చోట వచ్చింది. అంతకుముందు ఆ కాగితం దగ్గరకు రాని మనుషులు ఇప్పుడు వచ్చి కూర్చున్నారు. కస్టమర్ల ఫోన్లు ఎత్తే ఉద్యోగి, ఊరూరా తిరిగి యంత్రం బిగించే మెకానిక్, అమ్మకాల మనిషి. వాడేవారు ఎక్కడ తికమకపడతారో ఇంజనీరుకంటే బాగా తెలిసింది ఈ ముగ్గురికే. పాత పద్ధతిలో వాళ్ల మాట పుస్తకందాకా చేరేది కాదు.

మూడో సాధనం కొంచెం వివరించాలి. ప్రోగ్రాములు రాసేవారి కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ గిట్ అనే ఏర్పాటు చేశాడు. దాని ఆధారంగా 2008లో గిట్‌హబ్ వచ్చింది. మన వ్యాపారస్తులకు ఇది సులభంగానే అర్థమవుతుంది, ఎందుకంటే దుకాణంలో రాసే చిట్టా నియమమే ఇక్కడా ఉంది. చిట్టాలో రాసిన పద్దును చెరిపెయ్యం. తప్పుంటే కింద మరో పద్దు రాసి సరిచేస్తాం. అలాగే గిట్‌లో ప్రతి మార్పూ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అనే వివరంతో నిలిచి ఉంటుంది. కావాలంటే మూడేళ్ల కిందటి రూపానికి వెనక్కి వెళ్లవచ్చు. ఇంకో సంగతి. బయటివారు ఎవరైనా ఒక మార్పును ప్రతిపాదించవచ్చు గాని, బాధ్యత ఉన్న మనిషి చూసి ఒప్పుకున్న తర్వాతే అది పుస్తకంలోకి ఎక్కుతుంది. తలుపు అందరికీ తెరిచే ఉంటుంది, గుమ్మం దగ్గర ఒకరు కూర్చుని ఉంటారు.

ఆ గుమ్మం దగ్గర మనిషి ఎంత అవసరమో రెండు కథలు చెబితే బోధపడుతుంది. రెండూ విదేశాల్లో జరిగినవే అయినా, విరాళాలతో పనిచేసే ఎవరికైనా వాటిలో పాఠం ఉంది.

మొదటిది ఐఫిక్సిట్ కథ. 2003లో కాలిఫోర్నియాలో ఇద్దరు కాలేజీ విద్యార్థులు పాడైన యాపిల్ కంప్యూటర్‌ను బాగుచేసుకోబోతే దాని మరమ్మతు పుస్తకం బయట ఎక్కడా దొరకలేదు. విప్పి, చూసి, తామే దారి కనిపెట్టారు. ఇతరులకు ఉపయోగపడుతుందని ఫొటోలతో సహా విధానం రాసి ఇంటర్నెట్‌లో పెట్టారు. తర్వాత ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అని తెరిచారు. ఫోన్లు, ట్రాక్టర్లు, బట్టలు, ఇంకా ఎన్నో వస్తువుల మరమ్మతు విధానాలు అందులో చేరాయి. స్క్రూ పరిమాణం తప్పుగా పడితే, తన ఫోను విప్పి చూసిన ఎవరో ఒకరు వచ్చి దిద్దుతారు.

2020లో కోవిడ్ వచ్చింది. వెంటిలేటర్లు పగలూ రాత్రీ నడిచాయి. పాడైన యంత్రం దగ్గరకు కంపెనీ మనిషి రావాలంటే ప్రయాణాలు బంద్. ఆసుపత్రిలో ఉన్న టెక్నీషియను బాగుచేద్దామంటే మరమ్మతు పుస్తకం కంపెనీల దగ్గరే తాళం వేసి ఉంది. అప్పటికే టాంజానియాలో పనిచేసిన ఒక జర్మన్ నిపుణుడు ఇలాంటి పుస్తకాలు ఓపిగ్గా పోగుచేసి ఉచితంగా అందుబాటులో పెట్టాడు. పేద దేశాల ఆసుపత్రి టెక్నీషియన్లకు అదే పెద్ద ఆసరాగా ఉండేది. ఐఫిక్సిట్ వాళ్లు స్వచ్ఛంద సేవకుల్ని కూడగట్టారు. వారిలో గ్రంథాలయ ఉద్యోగులు చాలామంది. చెల్లాచెదురుగా ఉన్న పుస్తకాలను వెతికి, పేరు, రకం, మోడలు ప్రకారం వర్గీకరించి, 2020 మేలో 13,000కు పైగా పత్రాలతో ఒక ఉచిత గ్రంథాలయం తెరిచారు. ఒక పెద్ద పరికరాల కంపెనీ తమ పుస్తకాలు తీసెయ్యమని లేఖ పంపింది కూడా. గ్రంథాలయం మాత్రం కొనసాగింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఫోను మరమ్మతు విధానాన్ని ఎవరైనా దిద్దవచ్చు. వెంటిలేటరు పుస్తకంలోని వాక్యాన్ని అలా దిద్దనివ్వలేదు. అది తయారీదారు రాసినది రాసినట్టే ఉంది. పదిమంది చేయి కలిపింది వెతకడంలో, సర్దడంలో, అవసరమైనవాడికి రెండు నిమిషాల్లో దొరికేలా చేయడంలో. ప్రాణంతో ముడిపడిన చోట అందరూ కలిసి చేయదగిన పని ఏది, నిపుణుడికే వదలవలసింది ఏది అని వాళ్లు వేరు చేసుకున్నారు. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియని ఉత్సాహం సేవారంగంలో మనం చూస్తూనే ఉంటాం. వాట్సాప్ గ్రూపుల్లో మందుల మోతాదులు పంచేవారిది ఆ ఉత్సాహమే.

రెండో కథ ఎండీఎన్‌ది. వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామర్లందరూ రోజూ తెరిచి చూసుకునే సమాచార భాండాగారం అది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా సంస్థ 2005లో మొదలుపెట్టి, వికీగా నడిపింది. ప్రపంచం నలుమూలల నుంచి వేలాదిమంది ఒక్కో పేజీ, ఒక్కో వాక్యం చేర్చారు. అది ఎంత నమ్మదగినదిగా తయారైందంటే, 2017లో పోటీ కంపెనీలైన గూగుల్, మైక్రోసాఫ్ట్, శాంసంగ్ కూడా తమ సహకారం ప్రకటించాయి. మైక్రోసాఫ్ట్ అయితే ఇదే విషయం మీద తాను రాసుకున్న 7,700కు పైగా పేజీల నుంచి పాఠకుల్ని ఎండీఎన్ వైపు మళ్లించింది.

2020 ఆగస్టులో మొజిల్లా ఖర్చులు తగ్గించుకోవడానికి సుమారు 250 మంది ఉద్యోగుల్ని తీసేసింది. ఎండీఎన్ రచయితల్లో ఎక్కువమంది ఆ జాబితాలో ఉన్నారు. వేలాదిమంది వాలంటీర్లు ఉన్నారు కదా, కొద్దిమంది జీతగాళ్లు పోతే ఏమిటి అనుకోవచ్చు. ప్రోగ్రామర్ల లోకం మాత్రం గాభరా పడింది. వాలంటీరు తనకు నచ్చిన పేజీ, తనకు తీరిక ఉన్న రోజు రాస్తాడు. అతను రాసినది సరిచూసేది, నలుగురూ వదిలేసిన పేజీని పట్టించుకునేది, పాతబడిన మాటను తీసేసేది ఆ కొద్దిమందే. ఆ ఏడాది డిసెంబరులో ఎండీఎన్ వికీ పద్ధతిని వదిలి గిట్‌హబ్‌కు మారింది. అంటే అప్పటినుంచి ఎవరి మార్పయినా ఒకరు చూశాకే పేజీలోకి వెళుతుంది. 2021 జనవరిలో ఓపెన్ వెబ్ డాక్స్ అనే సంస్థ పుట్టింది. అది కంపెనీల నుంచి, వ్యక్తుల నుంచి విరాళాలు తీసుకుని రచయితలకు జీతాలిస్తుంది. బావి తవ్వించడానికి, బడి కట్టించడానికి విరాళాలు మనకు తెలిసినవే. వాక్యాలు సరిగా ఉంచడానికి కూడా విరాళాలు పోగవుతున్నాయన్నమాట.

ఆ మార్పుతో నష్టమూ కలిగింది. వికీలో ఉన్న చాలా భాషల పేజీలను దిద్దేవారు లేక పక్కన పెట్టేశారు. చూసుకునే బృందాలు ముందుకు వచ్చిన స్పానిష్, ఫ్రెంచి, జపనీస్, కొరియన్, చైనీస్ వంటి కొన్ని భాషలు నిలబడ్డాయి. వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. ఇన్ని లక్షలమంది ప్రోగ్రామర్లున్న దేశం మనది!

జనం ఎక్కువగా ఉంటే చాలదనడానికి ఇంకో ఉదాహరణ క్లుప్తంగా చెబుతాను. ప్రోగ్రామర్ల ప్రశ్నలకు ప్రోగ్రామర్లే జవాబులిచ్చే స్టాక్ ఓవర్‌ఫ్లోకు అప్పట్లో జనం చాలా ఎక్కువ. వాళ్లు 2016లో వాడుకరులందరూ కలిసి పుస్తకాలు రాసుకునే ఏర్పాటు ఒకటి ప్రారంభించి, మరుసటి ఏడాది ఆగస్టులో మూసేశారు. ఒకరు అడిగిన ప్రశ్నకు మరొకరు జవాబు చెప్పడం సులువు. ఎవరూ అడగకుండానే, ఎవరి కోసమో తెలియకుండానే ఒక విషయాన్ని మొదటి నుంచి చివరిదాకా క్రమంగా రాయడం వేరే పని.

ఇక మన భాష సంగతి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని రాసేవారు విధానాల మీద వాదించుకునే పేజీకి పెట్టుకున్న పేరు రచ్చబండ. పేరు ఎంత అతికినట్టుంది! అక్కడ ప్రతి వ్యాసానికీ ఒక చర్చ పేజీ, ఒక చరిత్ర పేజీ ఉంటాయి. చదివేవారిలో చాలామంది వాటిని ఎప్పుడూ తెరవరు. ఒక వాక్యం ఎందుకు అలా ఉందో, దానిమీద ఎవరు ఏమని అభ్యంతరం చెప్పారో అక్కడే తెలుస్తుంది.

సాఫ్ట్‌వేరును తెలుగులోకి తేవడం కూడా ఈ సాధనాలతోనే జరుగుతోంది. ఫైర్‌ఫాక్స్ తెలుగులో ఉందంటే, పాంటూన్ అనే ఆన్‌లైన్ ఏర్పాటులో వాలంటీర్లు ఒక్కో మాటకు అనువాదం సూచించడం, అనుభవం ఉన్నవారు సరిచూసి ఆమోదించడం వల్లే. ఈ పనిలో ఉండే చిక్కులు బయటివారికి తెలియవు. ఓపెన్ అనే ఒక్క మాట అనువాదకుడి ముందుకు వస్తుంది. అది తెరువు అనే ఆజ్ఞా, తెరిచి ఉంది అనే సమాచారమా? హోమ్ అని వస్తుంది. ఇల్లు అని రాస్తే నవ్వులపాలు. వికీపీడియా వాళ్లు మొదటి పేజీ అన్నారు, బాగుంది. ఫలానా వ్యక్తి ఇన్ని ఫైళ్లు డిలీట్ చేశాడని చెప్పే వాక్యంలో పేరు, క్రియ, సంఖ్య మూడు ముక్కలుగా వస్తాయి. ఇంగ్లీషులో క్రియ మధ్యన కూర్చుంటుంది. మనకు చివరికి పోవాలి. పైగా ఆ క్రియ తొలగించాడు అనాలా, తొలగించింది అనాలా, తొలగించారు అనాలా? ఇంగ్లీషులో ప్రోగ్రాము రాసినవారికి ఈ ప్రశ్న తట్టనే తట్టదు. ఆ ముక్క ఏ తెరమీద కనబడుతుందో చూపే వివరం, అడిగితే జవాబిచ్చే మనిషి ఉన్నప్పుడే అనువాదం మనిషి మాటలా ఉంటుంది. యంత్రానువాదం ఇప్పుడు చిత్తుప్రతి క్షణంలో ఇస్తుంది. కాని నువ్వు, మీరు కలగాపులగంగా వచ్చే ఆ ప్రతిని అలాగే అతికించి పంపితే చదివేవారికి మర్యాదా ఉండదు, అర్థమూ ఉండదు.

ఇదంతా పెద్ద కంపెనీల వ్యవహారం, మన సంఘాలకు దేనికి అనిపించవచ్చు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సంస్థ దగ్గర అవసరమైన ఇళ్లకు ఇచ్చి తిరిగి తెచ్చుకునే ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు ఉన్నాయనుకోండి. పెట్టెలో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో, బహుశా చైనీసులో కూడా ఉంటుంది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా పిల్లలు బడిలో నేర్చుకున్నది తెలుగు కాబట్టి, కాగితం మీద చదవడానికి చాలా ఇళ్లలో తెలుగే దిక్కు. కార్యకర్త యంత్రం దించి, నోటితో చెప్పి వస్తాడు. రెండు రోజులకు ఫోన్ మోగుతుంది.

ఆ ఫోన్‌లో వచ్చే ప్రశ్నలే విలువైనవి. పుస్తకంలో పొగ తాగరాదు, నిప్పు దగ్గర పెట్టరాదు అని ఉంటుంది. మన ఇళ్లలో వచ్చే ప్రశ్న అది కాదు. గదిలో అగర్‌బత్తీ వెలిగించవచ్చా, లోబాన్ వేయవచ్చా అని అడుగుతారు. నిప్పు అన్న మాటలో నిప్పుకణిక కూడా ఉందని విదేశీ పుస్తకం విడమరచి చెప్పదు. యంత్రం నడుస్తున్న గదిలో రెండూ పనికిరావు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడుస్తుందా అని అడుగుతారు. ఐదు లీటర్ల యంత్రం మామూలుగా 300 నుంచి 400 వాట్లు తీసుకుంటుంది. ఫ్యాను, రెండు లైట్ల కోసం పెట్టుకున్న ఇన్వర్టరు దాన్ని ఎంతోసేపు మోయలేదు, సిలిండరు సిద్ధంగా ఉంచుకోవాలి. తేమ సీసాలో కుళాయి నీళ్లు పోయవచ్చా? డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఇల్లు ఇరుకు, గోడకు ఆనించి పెట్టవచ్చా? గాలి పీల్చుకునే వైపు ఖాళీ ఉండాలి.

ఈ జవాబులన్నీ ఆ కార్యకర్త నోట్లో ఉన్నాయి. అతను ఊరెళితే జవాబులూ ఊరెళతాయి. గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడితే సాయంత్రానికి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద కూరుకుపోతుంది. నలుగురూ తెరవగల ఒక ఆన్‌లైన్ కాగితంలో వచ్చిన ప్రశ్నను వచ్చినట్టు రాసుకోవడం మొదలుపెడితే కథ మారుతుంది. ఒకే ప్రశ్న ముగ్గురు అడిగారంటే మన వాక్యంలో లోపం ఉందన్నమాట. వాడేవారికి తెలివిలేదని విసుక్కోకుండా వాక్యాన్ని మార్చుకోవాలి. ప్రశ్నలు ఎవరైనా రాయవచ్చు. జవాబులు మాత్రం డాక్టరో, ఆ యంత్రాల మెకానిక్కో చూసిన తర్వాతే ఇళ్లకు పంపే పేజీలోకి వెళ్లాలి. ఐఫిక్సిట్ వాళ్లు గీసిన గీత ఇదే. ఉర్దూ పాఠం కూడా పెట్టేటట్లయితే తెలిసినవారికి ఫోనులో తెరిచి చూపించండి. కుడి నుంచి ఎడమకు నడిచే వాక్యంలో అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసినప్పుడు వాటి వరస తారుమారు కావడం మామూలే. చదవలేని పెద్దవారి కోసం అదే పాఠాన్ని ఎవరిచేతనైనా చదివించి రికార్డు చేసి జత చేయవచ్చు.

యంత్రం మీద అంటించే క్యూఆర్ గుర్తు ఆ పేజీకి దారి చూపుతుంది. దీనిలో ఉన్న సౌలభ్యం ఏమిటంటే, అంటించిన కాగితం అలాగే ఉంటుంది, దాని వెనక ఉన్న పాఠం మారుతూ ఉంటుంది. యాభై ఇళ్లు తిరిగి పాత కాగితాలు పీకి కొత్తవి అంటించే పని లేదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తు సూచనలకూ ఇదే పద్ధతి. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఎక్కడ తీసుకోవాలి, ఎన్నాళ్ల కిందటిది చెల్లుతుంది అని ప్రతి సంవత్సరం పిల్లలు అడుగుతూనే ఉంటారు.

సౌలభ్యం మాటున ఒక ప్రమాదం ఉంది. దీన్ని మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు. సూచనల కాగితం అందరికీ తెరిచిపెట్టే అలవాటుతోనే లబ్ధిదారుల జాబితా కూడా తెరిచిపెట్టేస్తున్నారు. లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అనే ఒక్క మీట నొక్కితే చాలు. సాయం పొందినవారి పేర్లు, ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందో, ఆ లింకు ఎవరి చేతిలో పడితే వారి ముందు పరుచుకుంటాయి. లింకు గ్రూపు నుంచి గ్రూపుకు పాకడానికి ఎంతసేపు? చేయి చాచడానికి సిగ్గుపడి రాత్రిపూట వచ్చి అడిగిన మనిషి పేరు వీధంతా చదవడం కంటే అవమానం లేదు. మోసగాళ్లకు ఆధార్ నంబరు, ఖాతా నంబరు ఒకేచోట దొరకడం మరో సంగతి. సూచనలు అందరికీ, జాబితాలు ఇద్దరు ముగ్గురికే. వారి పేర్లు కార్యవర్గం మినిట్స్‌లో రాసి ఉండాలి, పదవి దిగిపోయినవారి అనుమతి ఆ రోజే తీసెయ్యాలి. మీరు విరాళమిచ్చే సంస్థను ఏడాదికొకసారి ఈ ప్రశ్న అడిగే హక్కు మీకుంది.

ఖర్చు గురించి కూడా చెప్పాలి. ఈ సాధనాల్లో చాలావాటికి చిన్న సంస్థలు డబ్బు కట్టనక్కరలేదు. ఖర్చయ్యేది మనిషి సమయం. నెలకు రెండు పూటలు కూర్చుని వచ్చిన ప్రశ్నలు చూసి, డాక్టరుకు ఫోన్ చేసి, రెండు భాషల్లో వాక్యం సరిచేసే ఒక్కరు కావాలి. మన ఊళ్లలో తెలుగు, ఉర్దూ రెండూ తెలిసిన రిటైర్డ్ టీచర్లు ఉన్నారు. హైదరాబాదులో ఈ వృత్తిలోనే ఉన్న యువకులు, యువతులు ఉన్నారు. ఆదివారం పూట వాళ్లను అడిగితే కాదనరు. అయితే ఉచితంగా దొరుకుతుంది కదా అని ఆ పనిని బడ్జెట్‌లో చూపకపోతే, ఎండీఎన్‌కు 2020లో జరిగినట్టే, ఆ మనిషి వెళ్లిపోయిన రోజున దాని విలువ తెలుస్తుంది. యంత్రాల పద్దు కిందనే దీనికీ ఒక చిన్న పద్దు రాయడం మంచిది.

పేజీ చివర రెండు వరుసలు తప్పకుండా ఉండాలి. ఒకటి చివరిసారి సరిచూసిన తేదీ, రెండోది సరిచూసినవారి పేరు, ఫోన్ నంబరు. యంత్రం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారే రోజున కార్యకర్త ఫిల్టరు తీసి కడిగి ఆరబెడతాడు కదా, అప్పుడు ఆ ఇంటివారిని ఒక మాట అడగాలి. ఏ సంగతి అర్థం కాక మాకు ఫోన్ చేశారు, ఏది అర్థం కాకపోయినా ఊరుకున్నారు? వారు చెప్పింది వారి మాటల్లోనే కాగితంలో ఎక్కించి, ఆ తర్వాత యంత్రాన్ని బండి ఎక్కించాలి.